మోత వెనకాల మాట

"సంతకం పెట్టు," అన్నారు సూపర్‌వైజర్ మేడం, చేతిలోని పెన్నును టక్‌టక్‌మని నొక్కుతూ.

కొత్తమ్మాయి కాగితం వంక చూసింది. రాజీనామా. అంతా టైపు చేసి ఉంది, కింద చుక్కల గీత ఒక్కటే ఖాళీ.

"ఆ మాట నేననలేదు సార్," అంది మేనేజర్‌తో.

"అనకపోతే ఆ పెద్దాయనకి ఎలా వినిపించిందమ్మా? వాషింగ్ మెషీన్ తిరగట్లేదని ఫోన్ చేసిన మనిషిని పట్టుకొని ముసలి పీనుగ అంటావా? ఆయన నేరుగా హెడ్డాఫీసుకే ఫిర్యాదు చేశాడు. రేపు నన్ను పిలిచి దులిపేస్తారు." మేనేజర్ నుదురు రుద్దుకున్నాడు. "మేడం, ఆ పెన్ను కాస్త ఆపండి."

మేడం ఆపారు. మళ్ళీ అంతలోనే మొదలెట్టారు.

"నేను నా సీట్లోంచే లైన్లో కలిసి ఆ కాల్ మొదట్నుంచీ వింటూనే ఉన్నాను సార్," అన్నారు. "పాపం, ఆయన చెప్పిందే పదిసార్లు చెబుతున్నాడు. ఈ పిల్లకి సహనం చచ్చింది. ఆ మాట నా చెవులారా విన్నాను. ఈవిడ అనకపోతే లైన్లో దూరి దయ్యం అందా?"

"నా ఫోన్ రికార్డు అవుతుందని నాకు తెలుసు కదా మేడం. తెలిసి తెలిసి ఎందుకంటాను?" కొత్తమ్మాయి కాగితాన్ని మేనేజర్ వైపు జరిపింది. "ఇంట్లో జీతం వచ్చేది నాకొక్కదానికే."

"అది నోరు జారక ముందు గుర్తుండాలి. ఊఁ, కానీయ్."

"పెన్ను లేదు మేడం."

ఉండదు. కస్టమర్ల కార్డు నంబర్లు ఎవరూ రాసుకోకుండా, ఫోన్లెత్తే వాళ్ళందరూ పెన్నులు గుమ్మం దగ్గర ట్రేలో పెట్టి లోపలికి రావాలి. ఆ బెడద సూపర్‌వైజర్లకు లేదు.

"ఇదిగో, నాది తీసుకో." మేడం పెన్నును తెచ్చి ఆ కాగితం మీద పెట్టారు. వెళ్ళి చేతులు కట్టుకొని కిటికీ దగ్గర నిలబడ్డారు.

"ఒక్క నిమిషం," అంటూ తలుపు తోసుకొని వచ్చింది క్వాలిటీ అక్క. రికార్డయిన కాల్స్ విని మార్కులు వేయడం ఆవిడ పని. ఆఫీసులో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ అక్కే. "ఆ కాల్ మీద నా రిపోర్టు ఇంకా ఇవ్వలేదు సార్. అప్పుడే సంతకాలేమిటి?"

"పొద్దున నువ్వూ నేనూ కలిసే విన్నాం కదమ్మా!"

"ఏం విన్నాం సార్? గుయ్‌మని ఒక మోత. దాని వెనకాల ఎవరో ఆడమనిషి గొణిగినట్టు. ఒక పిల్ల ఉద్యోగం తీయడానికి అది చాలా?"

అక్క చంకలోని లాప్‌టాప్‌ను టేబుల్ మీద పెట్టింది. బ్యాగులోంచి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తీసి, ఆ డబ్బాకున్న పొట్టి వైరును లాప్‌టాప్‌కి గుచ్చింది. డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. హెడ్‌ఫోన్స్‌ను మాత్రం లాప్‌టాప్‌కి కాకుండా ఆ డబ్బాకి తగిలించింది.

"ఏంటిది?" అన్నాడు మేనేజర్.

"ఆడియో కన్వర్టర్ సార్. మా తమ్ముడు పాటల కోసం ముచ్చటపడి కొనుక్కున్నాడు. భోజనానికని ఇంటికెళ్ళి లాక్కొచ్చేశాను. వాడింకా అలిగే ఉంటాడు."

మేడం నవ్వారు. "పాటల డబ్బాతో విచారణా? బాగుంది. ఈ పిల్ల గొంతు నాకు తెలీదా అక్కా?"

"మోత రికార్డులో లేదు మేడం, లాప్‌టాప్‌లో ఉంది. ఫైల్లో ఉండేవన్నీ అంకెలే. వాటిని శబ్దంగా మార్చే చిప్పు ఫ్యానుకీ ఛార్జింగుకీ మధ్య ఇరుక్కొని ఉంటుంది. వాటి రొదంతా మన చెవిలోకి వచ్చేస్తుంది. ఈ డబ్బా అదే పనిని బయట, ఎవరి గోలా లేకుండా చేస్తుంది. సంత మధ్యలోంచి లేచి పక్క గదిలోకెళ్ళి విన్నట్టన్నమాట."

అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకొని కాల్ చివరి భాగాన్ని విన్నది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. కొత్తమ్మాయి ఆవిడ ముఖంలోకే చూస్తోంది. ఆ ముఖంలో ఏమీ తెలియలేదు.

"ఏమైంది అక్కా?" అంది భయంగా.

"ఏమీ కాలేదు. నువ్వలా కూర్చో." అక్క హెడ్‌ఫోన్స్ తీసి మేనేజర్ ముందు పెట్టింది. "నేను చెబితే పిల్లని వెనకేసుకొస్తున్నానంటారు. మీరే వినండి సార్."

మేనేజర్ అయిష్టంగానే తగిలించుకొని కళ్ళు మూసుకున్నాడు. రెండు క్షణాలకే ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"అరె, మోత మొత్తం పోయిందే! పెద్దాయన దగ్గు... ఆయనింట్లో గోడ గడియారం కూడా వినిపిస్తోంది. ఈ అమ్మాయి బాగానే మాట్లాడుతోంది... రేపు మనిషిని పంపిస్తాం సార్ అంటోంది..."

"ఇంకా ఉంది సార్. ఆ మాట వచ్చేది ఇప్పుడే."

మేనేజర్ హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకున్నాడు. మరుక్షణం ముఖం చిట్లించి, కళ్ళు తెరవకుండానే విసుక్కున్నాడు.

"అబ్బబ్బా! ఆ పెన్ను ఆపమన్నానా మేడం? సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి టక్‌టక్‌మని..."

"మేడం పెన్ను మీ ముందే, కాగితం మీద ఉంది సార్," అంది క్వాలిటీ అక్క. "ఆ టక్‌టక్ రికార్డులోది."