మున్నేటి ఇసుకలో దొరికిన తూనికరాయి

కరెంటు పోవడంతో రత్నమణి పాత త్రాసు దించింది. జగ్గయ్యపేట బజారులో ఆమెది ఎండుమిరపకాయల కొట్టు. చీకటి పడుతుండగా భర్త ప్రేమానందం మున్నేటి ఇసుకలో దొరికిన సీసపు బిళ్ల పట్టుకొచ్చాడు. దాని మీద చేప బొమ్మ, ఏవో అక్షరాలు ఉన్నాయి.

"పూర్వం వర్తకులు తెచ్చిన గ్రీకు దేశపు తూనికరాయంట, బడి మాస్టారు చెప్పారు. అప్పట్లో బజారు అధికారి అందరి రాళ్లూ సరిచూసేవాడంట," అన్నాడు.

ఆమె దాన్ని త్రాసులో పెట్టింది. ఖాళీగా ఉన్న రెండో పళ్లెం మెల్లగా దిగి, సమానంగా నిలిచింది.

"ఏమండీ, మీరు ముట్టుకున్నారా?"

"నేనిక్కడ గుమ్మంలో ఉన్నా కదా!"

రత్నమణి భయంభయంగానే బిళ్ల తీసి తన కిలో రాయి పెట్టింది. మళ్లీ అంతే. అరకిలో పెట్టినా, పావుకిలో పెట్టినా ముల్లు నడుమనే నిలిచింది. ఎవరో కంటికి కనబడకుండా తన రాళ్లను సరిచూస్తున్నారు. పక్క కొట్టువాడు తూకంలో కొట్టేసినా, ఇన్నేళ్లలో ఒక్క కాయ కూడా తక్కువ తూచలేదామె. భయం మెల్లగా సర్దుకుని, మనసు నిండినట్టయింది.

"సరిగ్గానే ఉన్నాయా అండీ?" అంది చీకట్లోకి.

ఖాళీ పళ్లెం తేలికై పైకి లేచింది.

ఇద్దరూ ఊపిరి పీల్చుకుని తలుపు వేస్తుండగా, తాళం వేసిన పక్క కొట్టు లోపల త్రాసు గొలుసు కిర్రుమంది. ఆ తర్వాత పళ్లెం ధడాలున నేలకు కొట్టుకుంది.