గురువారం మాట్లాడని ఊరు

“మంచుకొండ వద్దు. నా మోకాళ్ళు ఒప్పుకోవు,” అన్నాడు సెలూన్ ఆయన.

“కొండ కొసదాకా రైలే తీసుకెళ్తుందని మీరే కదా చెప్పారు,” అంది భార్య.

టూర్ల ఆఫీసులో బల్లకు అటువైపు కూర్చున్న అమ్మాయి, కంప్యూటర్ మీద వేళ్ళు ఆన్చి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ముప్పయ్యో పెళ్ళిరోజుకని కూతురూ అల్లుడూ కలిసి ఇచ్చిన విదేశీ ప్రయాణం ఇది. ఎనిమిది రోజులు, మూడు చోట్లు. ఆ మూడూ ఏవో ఇవాళే తేల్చి చెప్పాలి. ఈ జన్మకు మళ్ళీ విమానం ఎక్కే యోగం ఉంటుందని ఇద్దరికీ నమ్మకం లేదు.

సెలూన్ ఆయన బాధ వేరు. కుర్చీ ఎక్కినవాళ్ళు తిరిగొచ్చిన దేశాల కబుర్లు చెప్తారు. చిక్కేమిటంటే, కబురు సగంలో ఉండగానే క్షవరం అయిపోతుంది. మెడ దులిపించుకుని వాళ్ళు లేచిపోతారు. ఆ మిగతా సగం ఈయన సొంతంగా పూర్తిచేసి, భోజనాల దగ్గర భార్యకు చెప్పేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా కదలకుండా వింటోంది. ఇప్పుడు అక్కడికే వెళ్ళి నిలబడితే ఇంకేముంది, బండారమంతా బయటపడుతుంది. కట్టుకున్నదాని ముందు అబద్ధాలకోరుగా నిలబడాలి.

“సరే, కొండ సంగతి తర్వాత. గాజు వంతెన రాయమ్మా,” అంది ఆవిడ. “గాలి వీస్తే అది పాట పాడుతుంది.”

అమ్మాయి తెర వంక చూసింది. “పాట గురించి ఇక్కడేం రాయలేదు ఆంటీ.”

“గాలి గట్టిగా ఉంటేనే పాడుతుంది. ఇప్పుడు సీజన్ కాదు,” అన్నాడు ఆయన గబగబా. “అంత దూరం వెళ్ళి ఉసూరుమంటూ రావడం ఎందుకు? జంతువుల పార్కు ఉందిగా, అది రాయించుకుందాం.”

జంతువుల పార్కు గురించి ఆయన ఇంట్లో ఎన్నడూ నోరు మెదపలేదు. అందుకే దాని మీద అంత ప్రేమ.

“కోతుల్ని చూడ్డానికి విమానం దేనికండీ, మనింట్లో అద్దం ఉందిగా,” అంది ఆవిడ. అమ్మాయి నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది.

ఆవిడ మూలనున్న కూజా దగ్గరకి మంచినీళ్ళకు వెళ్ళగానే ఆయన బల్ల మీదికి వంగాడు.

“అమ్మా, నీకు పుణ్యముంటుంది. అవన్నీ రిపేర్లో ఉన్నాయని చెప్పు.”

“అన్నీనా అంకుల్?”

“ఆవిడ ఏది అడిగితే అది.”

ఆవిడ వచ్చి కూర్చుంది. అమ్మాయి గొంతు సవరించుకుంది. “వంతెన రిపేర్లో ఉందంట ఆంటీ.”

“అయ్యో. మరి మంచుకొండ?”

“అదీ రిపేరే.”

“కొండకి రిపేరేంటమ్మా?”

సెలూన్ ఆయన తల పైకెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు.

“పోనీలే,” అంది ఆవిడ, మొగుడి వంక ఒకసారి చూసి. “రెండు చోట్లు మీ ఇష్టం. కోతుల దగ్గరికే పోదాం. మూడోది మాత్రం నాది, దాన్ని మార్చేది లేదు. గురువారం ఎవరూ మాట్లాడని ఊరు రాయమ్మా.”

ఆ ఊరు ఏ కస్టమరూ చెప్పింది కాదు. మొదటి నుంచి చివరిదాకా ఆయన అల్లిందే.

“ఊరి పేరేంటి ఆంటీ?”

“పేరేంటండీ?”

“గుర్తులేదు,” అన్నాడు ఆయన.

“పేరు లేకపోతే ఏం. గురువారం తెల్లారిందగ్గర్నుంచి ఎవరూ నోరు విప్పరు. కూరగాయల బేరాలు వేళ్ళతోనే. మొగుడూ పెళ్ళాల పోట్లాటలన్నీ శుక్రవారానికి వాయిదా. చూడమ్మా, దొరుకుతుంది.”

అమ్మాయి వెతికింది. ఇంకో రకంగా కొట్టి మళ్ళీ వెతికింది. పక్క బల్ల ఆయన్ని కూడా అడిగొచ్చింది.

“అలాంటి ఊరు ప్రపంచంలో ఎక్కడా లేదు ఆంటీ.”

ఇంక దాచి లాభం లేదనుకున్నాడు సెలూన్ ఆయన. “అది కాదే, నేను...” అంటూ బల్ల మీదున్న టూర్ల రంగు బొమ్మల పుస్తకాన్ని మూసి పక్కకు నెట్టబోయాడు.

ఆవిడ ఆ పుస్తకం లాక్కుని మళ్ళీ అమ్మాయి ముందు పెట్టింది.

“లేదని నాకు తెలుసమ్మా. ఈయన ఆ ఊరి కబురు చెప్పిన రోజు వానకి సెలూన్‌కి ఒక్క మనిషి రాలేదు, పైన మా మేడ మీంచి నేను చూస్తూనే ఉన్నా. మిగతావన్నీ సగం సగమే ఈయనవి, అదొక్కటే మొత్తం ఈయనది. నువ్వు ఎక్కడో ఓ చోట గది ఇచ్చి రెండు రోజులు ఖాళీగా వదిలెయ్యి, ఆ ఊరు నాకు ఈయన చూపిస్తాడు.”