లోగది గడియ

పేరిందేవి లోగది తలుపు గడియను గునపంతో పెకలించి తెచ్చి, అరుగు మీద కూర్చున్న అత్త ముందు విసిరికొట్టింది. చిట్లిన పెదవి నుంచి ఇంకా నెత్తురు కారుతోంది. కొట్టిన మొగుడు అప్పుడే మళ్ళీ సారా కొట్టుకు పోయాడు.

“ఏందే ఈ రచ్చ?” అంది శేషారత్నం. “తాగితే వాడికి ఒళ్ళు తెలవదని చానాసార్లు చెప్పా. ఆడదానివి, నువ్వే సర్దుకోవాల.”

“ఒళ్ళు తెలవనోడికి గడియ ఎట్టా తెలుస్తదత్తా? ఈ రెంటచింతల సెగకి ఊరంతా ఆరుబయట మంచాలేసుకుంటే, నీ కొడుకు నన్ను లోగదిలోకి ఈడుస్తాడు. గడియేస్తాడు. రేడియో పెద్దగా పెడతాడు. ఆ తర్వాతే నా జుట్టు పట్టుకుంటాడు. సారా కొట్టోడు నలుగురిలో బూతులు తిట్టినా కిక్కురుమనడే! అక్కడ మాత్రం ఒళ్ళు బాగా తెలుస్తదా?”

శేషారత్నం వంగి గడియను చేతిలోకి తీసుకుంది. దానికి వేలాడుతున్న వంకర మేకును బొటనవేలితో తడిమింది. తర్వాత ఉన్నట్టుండి లేచి, ఉన్న బలమంతా పెట్టి దాన్ని వీధిలోకి గిరాటేసింది.

“నేను కాపరానికొచ్చినప్పుడు ఆ తలుపుకి గడియ లేదే,” అంది రొప్పుతూ. “నెల తిరక్కముందే మీ మావ బిగించాడు.”

కోడలి పెదవి మీది నెత్తురును కొంగుతో తుడిచింది.

“ఆయన జన్మలో సారా చుక్క ముట్టలేదు.”