నలభై అడుగుల రోడ్డు

2019 నవంబరు 21, గురువారం, ఉదయం ఏడుంబావు. మంచు ఇంకా విడలేదు. ఎండ పలచగా ఉంది. తెనాలి శివారున, దేవసహాయంపేట పక్కనున్న తన కొత్త లేఅవుట్‌లో బాబీ కారు దిగి చూసేసరికి, నలభై అడుగుల రోడ్డు ఉండవలసిన చోట వరి కంకులు వంచి నిలబడి ఉంది.

తొమ్మిదింటికి విజయవాడ నుంచి కొనుగోలుదారులు వస్తున్నారు. రాజధాని పెరిగితే ముందు ఈ పేటనే కలుపుకుంటుందని వారికి నచ్చజెప్పి రప్పిస్తున్నాడు. అతని కాపురం గుంటూరులో. వేసవిలో హద్దురాళ్లు పాతించి, కాపలా తండ్రి వెంకటప్పయ్యకు అప్పగించి వెళ్లినవాడు మళ్లీ ఇదే రావడం.

నిజానికి పొరపాటు అతనిదే. ప్లాట్లకు మట్టి తోలించి మెరక చేశాడు. రోడ్డు సంగతి తరువాత చూద్దామనుకున్నాడు. చేలకు నీరు తెచ్చే పాత పంటబోదె పూడ్పించడం మరిచాడు. పల్లమైన రోడ్డులోకి కాలువ నీరు వచ్చి నిలిచింది. నిలిచిన నీటిని చూస్తూ ఊరుకోవడం ఆ పేట ఆడవాళ్లకు చేతకాదు. నాట్లు వేశారు.

గట్టు మీద దేవకుమారి నిలబడి ఉంది. పేటలో నాట్ల ముఠాకు ఆమే పెద్ద. బాబీ అప్పటికే జేసీబీకి ఫోన్ చేశాడు.

"ఎవర్నడిగి నాటావమ్మా?"

"నీళ్లు నిలబడ్డాయి బాబూ. వదిలేస్తే తుంగ మొలుస్తుంది."

"మొలిస్తే నీకేంటి?"

ఆమె ఆదివారం దాకా ఆగమని అడిగింది. ఆ రోజు పేట లూథరన్ చర్చిలో కోతపండుగ. పేటవాళ్లు తమ చేతులతో కోసి కట్టిన తొలి వరిపనను వేదిక ముందు పెట్టాలి. నిరుటిదాకా అది వెంకటప్పయ్య చేలోనిదే. ఆ చేనే ఈ లేఅవుట్.

"ఎక్కడైనా కొనుక్కో. డబ్బులు నేనిస్తాను."

"కొన్నదానికి కోతపండగెందుకండీ, కొట్టుపండగ అంటే సరిపోద్ది."

జేసీబీ వచ్చింది. పండిన చేలోకి బండి దించడానికి డ్రైవరు సంకోచించాడు. బాబీకి కోపం హెచ్చింది. కేసు పెడతానన్నాడు, నాటినవాళ్లందరి పేర్లూ చెప్పమన్నాడు.

"చెప్తానండి. పెద్దయ్యగారిని రానివ్వండి."

తండ్రి సాక్షిగా ఉంటే కేసు మరింత గట్టిపడుతుందని బాబీ సంతోషించి, తానే ఫోన్ చేసి పిలిచాడు. వెంకటప్పయ్య మోపెడ్ మీద వచ్చి, తువ్వాలు భుజాన సర్దుకుని గట్టెక్కాడు.

"చూశావుగా నాన్నా. పేర్లు చెప్తుందట. నేరుగా స్టేషన్లో ఇద్దాం."

వెంకటప్పయ్య ఒక కంకి తుంచి, గింజ కొరికి చూశాడు.

"ముదిరింది దేవకుమారీ. ఆదివారం పొద్దున్నే కోసుకోండి." తరువాత కొడుకు వైపు తిరిగాడు. "పేర్లు నేను చెప్తాను, రాసుకో. మన దొడ్లో నారు పోసి, తీసి ఇచ్చింది వెంకటప్పయ్య. మొదట ఆ పేరు రాయి. మిగతావి ఆవిడ చెప్తుంది."

బాబీ ఏ పేరూ రాయలేదు. జేసీబీ వెనుదిరిగింది. తొమ్మిదింటికి వచ్చిన కొనుగోలుదారులు బురద చూసి కారు దిగలేదు. మరుసటి నెలలో రాజధాని సంగతే సందేహంలో పడింది. ప్లాట్లు అడిగేవారు లేకపోయారు. 2021లో వెంకటప్పయ్య మరణించాడు.

రోడ్డు ఇప్పటికీ వేయలేదు. వరి మాత్రం ఏటా పండుతోంది. 2022 నుంచి దానికి నారు పోస్తున్నది బాబీ.