సమానంగా పంచిన ముళ్లు

పొలంగట్టు కింది ఎలుకలు రెండు వర్గాలై పోట్లాడుకుంటున్నాయి. పక్క గుట్ట మీది ముళ్లపంది పరామర్శకు వచ్చింది.

"మీకు శాంతి రావాలి. పొరుగువాణ్ని కదా, నాకు తిండి సహించడం లేదు," అంది.

ఒక తల్లి ఎలుక, చచ్చిపోయిన పెద్దకొడుకు ఒంట్లోంచి ముల్లు లాగి ముళ్లపంది ముందు పెట్టింది. "ఇది నీదే కదా మామా?"

"నాదే. రెండు వర్గాలకూ సమానంగానే ఇచ్చాను. నాకు పక్షపాతం లేదమ్మా."

"ఇక ఎవరికీ ఇవ్వకు మామా. నాకు ఒక్కడే మిగిలాడు."

"మీ గొడవల్లో నేను తలదూర్చను. నా ముళ్ల సంగతి మీరు ఎత్తకండి."

అలా అని ముళ్లపంది ఒళ్లు దులుపుకుని గుట్టెక్కింది. రెండు ముళ్లు రాలిపడ్డాయి.

వాటి కోసం అందరికంటే ముందు పరుగెత్తింది ఆ మిగిలిన కొడుకే.