తడవనివాళ్ల తుమ్ములు

చుక్కలకోడికి వానంటే హడల్. "తడిస్తే జలుబు, జలుబు ముదిరితే జ్వరం, ఆపైన మీ ఖర్మ!" అని పిల్లల్ని తెగ బెదిరించేది.

ఒకసారి ముసురు పట్టింది. కోడి పిల్లల్ని గూట్లోకి తోలేసరికి, అందరిలోకీ చిన్నది తప్పించుకుని బాతులతో వాగువైపు పరిగెత్తింది. వానలో వెనకాలే వెళ్లే ధైర్యం తల్లికి లేదు. "అయ్యో, నా బుల్లి ఇక దక్కదు!" అని గూట్లోనే కూలబడి ఏడ్చింది.

అంతలో పొరుగు పుంజు గుమ్మంలోకి తల పెట్టింది.

"వదినా, కాస్త చోటిస్తావా? హాచ్!"

"తడిశావా ఏంటి?"

"చూరు కిందుగా వచ్చాను, చుక్క కూడా పడలేదు. మొన్నటినుంచీ ఈ ముక్కు కారడమే... హాచ్!"

"పొడిగా ఉన్నావుగా, అదే చాలు. రా, పిల్లల మధ్య వెచ్చగా పడుకో."

ముసురు రోజుల తరబడి వదల్లేదు. తెరిపిచ్చేసరికి గూడంతా తుమ్ములే. కోడికైతే కళ్లు కూడా తెరుచుకోవడం లేదు.

అప్పుడొచ్చింది బుల్లి. ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి, గజగజా వణుకుతూనే కిలకిలా నవ్వుతోంది. "అబ్బ, ఎంత చలేసిందో! అమ్మా, ఆకలి!"

కోడి బలవంతాన కళ్లు తెరిచి దాని ముక్కు చూసింది. కారడం లేదు. ఒళ్లు తడిమింది. వేడి లేదు. ప్రాణం లేచొచ్చి, గుండెలకు హత్తుకుంది. ఆ వెంటనే కోపమొచ్చింది.

"చూశావా, చెబితే విన్నావా? నువ్వు తడిశావు, మాకందరికీ జలుబు చేసింది! హాచ్!"

"అవును మరి," అంది పుంజు, ముక్కు చీదుకుంటూ.