ఐర్లాండ్ వెళ్ళే గ్రైండరు

"ఇవ్వను గాక ఇవ్వను!"

జోగమ్మ గ్రైండరును రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చుంది. లోపల పిండి ఇంకా తిరుగుతూనే ఉంది.

"రుబ్బడం అయ్యేదాకా ఆగుతాలే పిన్నీ," అంది త్రివేణి గుమ్మానికి ఆనుకుని.

"షిప్పులో గ్రైండరు పంపడమేటే? ఐర్లాండోళ్ళు ఇడ్లీలు తింతారేటి?"

"వాళ్ళు తినరు. నేను తింటాను."

"ఒంటి మనిషివి. నీ రెండు ఇడ్లీలకి ఇంత రాయి దేనికే?"

త్రివేణి నర్సు. పెళ్ళి చేసుకోలేదు. టాటానగర్ సిద్ధగోరాలో ఆమె ఫ్లాట్‌లోని సామానంతా ఒక్కొక్కటిగా ఈ మాట మీదే బయటికి నడిచింది. ఒంటి మనిషికి గ్రైండరెందుకని పిన్ని తెచ్చుకుంది, వెనకాలే మంచం కూడా తెచ్చుకుంది. ఒంటి మనిషికి అంత ఫ్రిజ్జెందుకని పెదనాన్న కొడుకు మురళి పట్టుకుపోయాడు. అన్నీ రెండ్రోజుల్లో తిరిగిచ్చేస్తామనే. ఇప్పుడు ఐర్లాండ్‌లో ఉద్యోగం వచ్చింది. ఈ వారమే ప్రయాణం. సామాను కోసం మినీ ట్రక్కు వేసుకుని ఆమే దిగింది.

నీలం టోపీ పెట్టుకున్న షిప్పింగు మనిషి లోపలికి తొంగిచూశాడు. పేరు పింటూ అని టోపీ మీదే కుట్టి ఉంది.

"జల్దీ కీజియే ఆంటీజీ. ఏక్ భీ సామాన్ తగ్గితే కస్టమ్స్‌వాళ్ళు మొత్తం ఆపేస్తారు. అప్పుడు ఇంటింటికీ వచ్చి అడుగుతారు."

"ఇంటికా?" జోగమ్మ చేతులు కాస్త వదులయ్యాయి. "పోలీసులొత్తారేటి?"

"ఆయేంగే, తప్పకుండా వస్తారు," అన్నాడు పింటూ గంభీరంగా.

జోగమ్మ స్విచ్ కట్టేసింది.

మంచం దగ్గర ఇంకో చిక్కొచ్చింది. నైట్ డ్యూటీ చేసొచ్చిన సూర్యం బాబాయి దాని మీద గురకపెడుతున్నాడు. పింటూ, కూలీ ఇద్దరూ ఆయన్ని పరుపుతో సహా ఎత్తి కింద పెట్టారు. ఆయన గురక ఆగలేదు.

మంచం ట్రక్కెక్కుతుంటే జోగమ్మ స్టీలు డబ్బాలో పిండి నింపి తెచ్చి త్రివేణి చేతిలో పెట్టింది. "రేపటికి పులుత్తాది. ఆ ఖాళీ కొంపలో ఏటి తింతావో ఏటో," అంది. కళ్ళు కొంగుతో వత్తుకుంది. "దేశం కాని దేశం. జొరమొత్తే నుదుట సెయ్యేసే దిక్కుండదే తల్లీ."

త్రివేణి ఏదో చెప్పబోయి నోరు తెరిచింది.

"మంచమైనా ఒగ్గేసి ఎల్లొచ్చు గదే," అంది జోగమ్మ.

త్రివేణి నోరు మూసుకుని ట్రక్కెక్కింది.

మురళి ఇంట్లో వదిన సుధ అప్పటికే మూతి ముడుచుకుని ఫ్రిజ్జు ఖాళీ చేస్తోంది. పెరుగు గిన్నె, కూరలు, సగం కోసిన పుచ్చకాయ అన్నీ టీవీ పక్కన చేరాయి. మురళి మాత్రం ఫ్రిజ్జుకు అడ్డంగా నిలబడ్డాడు.

"దిమాగ్ ఖరాబ్ హై క్యా? షిప్పు చార్జీలతో అక్కడ రెండు కొత్తవి కొనొచ్చు."

"చార్జీలు నావి కావన్నయ్యా. ఆసుపత్రివాళ్ళే పెట్టుకుంటున్నారట. ఎంత వేసినా అంతేనట."

"ఎంత వేసినా?"

"ఎంత వేసినా."

మురళి ఫ్రిజ్జు ముందు నుంచి తప్పుకున్నాడు. మొహంలో వెలుగొచ్చింది. లోపలి గదిలోకి వెళ్ళి, గుడ్డ కప్పిన పాత కుట్టుమిషనును ఈడ్చుకుంటూ వచ్చాడు.

"దీన్ని కూడా ఎక్కించు. తెల్లవాళ్ళకి ఇలాంటి పాత మిషన్లంటే పిచ్చట. అక్కడ అమ్మేసి నాకో మంచి ఫోను పంపు."

త్రివేణి పింటూ వైపు చూసింది. "పడుతుందా?"

పింటూ అటు తిరిగి గట్టిగా దగ్గాడు. "చలేగా, పడుతుంది," అన్నాడు. "కస్టమ్స్‌కి నేను చెప్పుకుంటాను."

"వీడెవడో గాని భలే మంచోడు," అన్నాడు మురళి. మిషను ఎక్కించడానికి తనే ఓ చెయ్యి వేశాడు. పైగా, దారిలో గీత పడకుండా ఇంట్లోంచి పాత దుప్పటి తెచ్చి చుట్టాడు.

"ఎయిర్‌పోర్టుకి వత్తాలే చెల్లీ," అన్నాడు.

"అంత దూరం ఎందుకన్నయ్యా. టాటానగర్ స్టేషన్ దాకా రా, చాలు."

ట్రక్కు కదిలింది. అద్దంలో మురళి, సుధ చేతులూపుతూ చిన్నగా అయిపోయారు. మలుపు తిరిగేదాకా త్రివేణి కూడా చెయ్యూపుతూనే ఉంది. ఆ తర్వాత ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

పెద్ద రోడ్డు మీదికి వచ్చాక పింటూ టోపీ తీసి వెనక్కి విసిరాడు.

"దీదీ, నిజంగా నీకేమీ వద్దా?"

"నా బట్టలు ఒక్క సూట్‌కేసులో పట్టేశాయి. విమానంలో అంతకంటే మోయలేను."

రోడ్డు మీద ఆవు అడ్డొస్తే పింటూ బ్రేకు వేశాడు. అది దాటాక మళ్ళీ షిప్పింగు మనిషి గొంతు తెచ్చుకుని, "తో మేడమ్, సీధా ఐర్లాండ్?" అన్నాడు.

"జుగ్సలాయిలో మీ గదికి పోనీరా! మా వార్డులో పనిచేసే దేవిని ఎవరికీ చెప్పకుండా గుళ్ళో పెళ్ళి చేసుకుని, ఖాళీ గదిలో చాప మీద కూర్చోబెట్టొచ్చావు. మీ కాపురానికి సామాను ఇంకా దిగనేలేదు!"